సి డ్రైవ్‌కి క్లస్టర్ సైజ్ ఎంత పెట్టాలి? 64 కేబీయా, 512 బైట్లా, 4 కేబీయా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో, అదే కంప్యూటర్ సామాను అమ్మే వీధిలో, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) కొన్నావు. మారతహళ్లి రూమ్‌లో ఉన్న అసెంబుల్డ్ పీసీలో పాతది తీసేసి, దీంట్లో విండోస్ 11 కొత్తగా వేసుకోవాలి. పక్కన 4 టీబీ హార్డ్ డిస్క్ కూడా ఉంది, నువ్వు ఎడిట్ చేసే పెళ్లి వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. ఫార్మాట్ చేసే చోట 'అలొకేషన్ యూనిట్ సైజ్' (క్లస్టర్ సైజ్ అంటే ఇదే) అని ఒక లిస్ట్ కనిపించేసరికి టెన్షన్ మొదలైంది. రూమ్మేటేమో "64 కేబీ పెట్టు, స్పీడ్ పెరుగుతుంది" అన్నాడు. షాపతనేమో "512 బైట్లు పెడితే జాగా కలిసొస్తుంది" అన్నాడు. ఎవరి మాట వినాలి అని అడిగావు.

సి డ్రైవ్ విషయంలో ఇద్దరి మాటా వినకు. విండోస్ తనంతట తాను పెట్టే 4 కేబీ, అంటే 4096 బైట్లు, అలాగే ఉండనివ్వు. వీడియోలు పెట్టుకునే డిస్క్‌కి మాత్రం 64 కేబీ ఆలోచించవచ్చు, దాని సంగతి కింద చెప్తాను. తొందరగా ఉంటే ఇంతవరకు చదివి విండోస్ వేసేసుకో. కానీ ఎందుకో తెలిస్తే రేపు ఇంకెవరో ఇంకో నంబర్ చెప్పినప్పుడు మళ్లీ కంగారు పడవు. నేను బెంగళూరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మొదట అదే ఎస్పీ రోడ్డులో అసెంబ్లింగ్ చేశాను, తర్వాత చిన్న ఆఫీసులకి సిస్టమ్స్ మెయింటెనెన్స్. ఈ ఒక్క సెట్టింగ్ మార్చి నేనే ఒకసారి గట్టి దెబ్బ తిన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

తిరుమలలో కుటుంబానికి గది ఇస్తారు చూడు. ఇద్దరొచ్చినా ఐదుగురొచ్చినా ఆ గది మొత్తం వాళ్లదే. మంచం ఖాళీగా ఉంది కదా అని వేరే కుటుంబాన్ని తెచ్చి అందులో పడుకోబెట్టరు. డిస్క్‌లో క్లస్టర్ కూడా అలాంటి గదే. ఫైల్‌కి చోటు ఇవ్వాలంటే ఫైల్ సిస్టమ్ (ఏ ఫైల్ డిస్క్‌లో ఎక్కడుందో లెక్క చూసుకునే ఏర్పాటు) క్లస్టర్ల లెక్కన ఇస్తుంది, సగం క్లస్టర్ ఇవ్వదు. 4 కేబీ క్లస్టర్ ఉన్న డిస్క్‌లో 5 కేబీ ఫైల్ పెడితే రెండు క్లస్టర్లు, అంటే 8 కేబీ పోతుంది. అదే ఫైల్‌ని 64 కేబీ క్లస్టర్ ఉన్న డిస్క్‌లో పెడితే 64 కేబీ పోతుంది. మిగతా 59 కేబీ ఖాళీగానే ఉంటుంది, కానీ ఇంకే ఫైల్‌కీ పనికిరాదు. ఏ ఫైల్ మీదైనా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే 'సైజ్' అని ఒకటి, 'సైజ్ ఆన్ డిస్క్' అని ఒకటి కనిపిస్తాయి. ఆ రెండింటి తేడా ఇదే.

దీనికి చిన్న మినహాయింపు ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్. అందులో ప్రతి ఫైల్‌కీ మాస్టర్ ఫైల్ టేబుల్ అనే చిట్టాలో ఒక రికార్డు ఉంటుంది, మామూలుగా 1 కేబీ సైజులో. ఫైల్ మరీ చిన్నదైతే దాని సరుకంతా ఆ రికార్డులోనే సర్దేస్తుంది, విడిగా క్లస్టరే ఇవ్వదు. ఒక వేమన పద్యాన్ని నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసి యూటీఎఫ్-8లో సేవ్ చేసి చూడు. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకి మూడేసి బైట్లు పడతాయి. అయినా పద్యం మొత్తం కొన్ని వందల బైట్లు దాటదు, ఆ రికార్డులోనే ఒదిగిపోతుంది. విండోస్ 11లో అలాంటి ఫైల్‌కి 'సైజ్ ఆన్ డిస్క్' సున్నా అని చూపిస్తుంది. చాలామంది అది చూసి ఫైల్ పాడైందేమో అని భయపడతారు. పాడవలేదు, బాగానే ఉంది.

ఇప్పుడు మీ రూమ్మేట్ మాట చూద్దాం. "64 కేబీ పెడితే డిస్క్ ఒకేసారి 64 కేబీ చదువుతుంది, 4 కేబీ అయితే పదహారుసార్లు చదవాలి" అనేది అతని లెక్క అనుకుంటాను. వినడానికి సబబుగానే ఉంటుంది, అందుకే ఈ మాట పాతికేళ్లుగా తిరుగుతోంది. కానీ క్లస్టర్ అనేది చోటు కేటాయించే కొలత. చదివే కొలత వేరు. ఒక ఫైల్ ఎక్కడుందో ఎన్‌టీఎఫ్‌ఎస్ రాసుకునేటప్పుడు ఒక్కో క్లస్టర్ నంబర్ విడివిడిగా రాసుకోదు. "ఫలానా క్లస్టర్ దగ్గర మొదలై, ఇక్కడి నుంచి ఇన్ని" అని ఒక్క ముక్కలో రాసుకుంటుంది. 2 జీబీ వీడియో డిస్క్‌లో ఒకే వరుసలో ఉంటే దానికి ఒకటో రెండో ఎంట్రీలు చాలు. ప్రోగ్రామ్ ఒకేసారి 1 ఎంబీ కావాలని అడిగితే, ఆ 1 ఎంబీ వరుసగా ఉన్నంతవరకు ఒకే ముక్కగా తెస్తుంది. కింద క్లస్టర్ 4 కేబీయా 64 కేబీయా అన్నది అక్కడ అడ్డం రాదు.

అందుకే ఆటలు తొందరగా లోడ్ కావాలని 64 కేబీ పెట్టినవాళ్లకి కంటికి కనిపించే తేడా ఏమీ రాదు. పెద్ద ఆటల డేటా అంతా జీబీల సైజున్న ప్యాక్ ఫైళ్లలో ఉంటుంది, అవి ఎలాగూ వరుసగానే చదవబడతాయి.

మరి పెద్ద క్లస్టర్‌తో లాభం అసలు లేదా అంటే, ఉంది. ఫైల్ ముక్కలైపోయినప్పుడు ముక్క కనీస సైజు క్లస్టర్ అంత ఉంటుంది. తిరిగే హార్డ్ డిస్క్‌లో ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి హెడ్ జరగడానికి పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది, కాబట్టి ముక్కలు తగ్గితే అక్కడ మేలే. ఎస్‌ఎస్‌డీలో జరగడానికి హెడ్డే లేదు. నువ్వు కొన్న ఎన్‌వీఎంఈకి ఆ లాభం దాదాపు అందదు.

రూమ్మేట్ విన్నది పూర్తిగా గాలికబురు కూడా కాదు. 64 కేబీ సలహా డేటాబేస్ సర్వర్ల దగ్గర నుంచి వచ్చింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తన డేటాని 8 కేబీ పేజీలుగా పెట్టుకుంటుంది, ఎనిమిది పేజీలు కలిపి ఒక ఎక్స్‌టెంట్, అంటే 64 కేబీ. అందుకని డేటాబేస్ ఫైళ్లు పెట్టే డ్రైవ్‌కి 64 కేబీ పెట్టమని చెప్తారు, అది సరైన సలహా. మన ఊరి ఐటీ కంపెనీల్లో డేటాబేస్ అడ్మిన్లందరికీ అది కంఠస్థం. వాళ్లు కూడా ఆ మాట డేటా డ్రైవ్ గురించే చెప్తారు. నోట్లోంచి నోట్లోకి వచ్చేసరికి 'డేటా డ్రైవ్' అన్న మాట జారిపోయి 64 అన్న నంబర్ మాత్రం మిగిలింది.

నా అనుభవం ఇక్కడే చెప్పాలి. చాలా ఏళ్ల కిందట బీటీఎం లేఅవుట్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి పది మెషీన్లు సెట్ చేసే పని వచ్చింది. అప్పట్లో ఎస్‌ఎస్‌డీ ఖరీదు, 120 జీబీవే కొనగలిగారు. నేను ఎక్కడో చదివింది నమ్మి, విండోస్ వేసేముందే సి డ్రైవ్‌ని 32 కేబీ క్లస్టర్‌తో ఫార్మాట్ చేసి పెట్టాను. వాళ్లకి వేగంగా పనిచేసే మెషీన్లు ఇవ్వాలన్నదే నా ఆరాటం. నెల తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి: "డిస్క్ ఫుల్ అంటోంది." వెళ్లి చూస్తే వెబ్ డెవలపర్ల మెషీన్లు. ఒక్కో ప్రాజెక్టు ఫోల్డర్‌లో లైబ్రరీల కింద వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు ఉన్నాయి. ఒక ఫోల్డర్‌కి 'సైజ్' 600 ఎంబీ చూపిస్తే, 'సైజ్ ఆన్ డిస్క్' 2 జీబీ దాటింది. అలాంటి ప్రాజెక్టులు ఒక్కొక్కరి దగ్గర పది, పదిహేను.

పోనీ ఆ ఫోల్డర్లకి విండోస్‌లో ఉన్న కంప్రెషన్ ఆన్ చేద్దామంటే ఆ ఆప్షన్ పనిచేయలేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ కంప్రెషన్ 4 కేబీ లేదా అంతకంటే చిన్న క్లస్టర్ల మీదే పనిచేస్తుంది, అంతకంటే పెద్దది పెడితే ఆ సౌకర్యమే పోతుంది. అది నాకు అప్పుడే తెలిసింది. శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం రాత్రి వరకు కూర్చుని పది మెషీన్లూ మళ్లీ 4 కేబీతో వేశాను. పైసా అడగలేదు, అడిగే హక్కు లేదు. ఆ కుర్రాళ్లు రెండు రోజుల ముందు నుంచే పని ఆపుకుని తమ డేటా పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించుకుంటుంటే చూడలేకపోయాను. ఇప్పుడు నీకు ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే.

నీ డిస్క్ 1 టీబీ కాబట్టి జాగా లెక్క అంత బాధించకపోవచ్చు అనుకుంటావేమో, ఉజ్జాయింపుగా వేసి చూద్దాం. విండోస్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, బ్రౌజర్ క్యాష్ అన్నీ కలిపి సి డ్రైవ్‌లో 4 లక్షల ఫైళ్లు ఉన్నాయనుకో. ఒక్కో ఫైల్‌కి సగటున అర క్లస్టర్ వృథా అని లెక్కేస్తే, 4 కేబీతో సుమారు 800 ఎంబీ పోతుంది. 64 కేబీతో 12 జీబీకి పైగా పోతుంది. సి డ్రైవ్‌లో చిన్న ఫైళ్లే ఎక్కువ కాబట్టి అసలు నష్టం అర క్లస్టర్ లెక్క కంటే పెద్దగానే ఉంటుంది. అంత చోటు వదులుకుంటే తిరిగి వచ్చేది ఏమీ లేదు, అదీ నా బాధ.

షాపతను చెప్పిన 512 బైట్ల సంగతి. ఆ 800 ఎంబీలో చాలావరకు మిగులుతుంది, నిజమే. కానీ అందుకు చెల్లించేది చూడు. 1 టీబీ డిస్క్‌ని 4 కేబీ గదులుగా విడగొడితే సుమారు 24 కోట్ల 40 లక్షల క్లస్టర్లు వస్తాయి. ఏ క్లస్టర్ ఖాళీ, ఏది నిండింది అని గుర్తుపెట్టుకునే బిట్‌మ్యాప్‌లో ఒక్కోదానికి ఒక్కో బిట్, మొత్తం 30 ఎంబీ. అదే 512 బైట్లు పెడితే 195 కోట్ల క్లస్టర్లు, బిట్‌మ్యాప్ 244 ఎంబీ. ఫైళ్లు ఎనిమిది రెట్లు చిన్న ముక్కలుగా చెదిరిపోయే వీలు ఏర్పడుతుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. డిస్క్ ఒకసారికి చదివే, రాసే కనీస ముక్కని సెక్టర్ అంటారు. ఇప్పటి డిస్కులు బయటికి 512 బైట్ల సెక్టర్ అని చూపించినా, హార్డ్ డిస్కుల లోపల అసలు సెక్టర్ 4096 బైట్లే. 2011 నుంచి తయారీదారులు ఆ పద్ధతికి మారారు. అలాంటి డిస్క్‌లో 512 బైట్లు విడిగా రాయాలంటే, డిస్క్ ముందు 4096 బైట్లూ చదివి, అందులో చిన్న ముక్క మార్చి, మొత్తం తిరిగి రాయాలి. ఎస్‌ఎస్‌డీలు కూడా ఏ డేటా లోపల ఎక్కడుందో రాసుకునే పట్టికని సాధారణంగా 4 కేబీ లెక్కనే నడుపుతాయి. పైగా 512 బైట్ల క్లస్టర్‌తో ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ 2 టీబీకి మించడానికి వీల్లేదు. రేపు పెద్ద ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు కాపీ చేసి) పార్టిషన్ పెంచుదామంటే అక్కడ ఆగిపోతుంది. 4 కేబీతో 16 టీబీ దాకా ఇబ్బంది లేదు.

512 బైట్ల క్లస్టర్‌తో నడిచే సిస్టమ్‌లు నేను నిజంగా చూశాను. విండోస్ 2000 కాలంలో ఫ్యాట్32 అనే పాత ఫైల్ సిస్టమ్ ఉన్న డ్రైవ్‌ని కన్వర్ట్ కమాండ్‌తో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మారిస్తే చాలాసార్లు క్లస్టర్ 512కి పడిపోయేది. నేను ఎస్పీ రోడ్డులో చేరిన కొత్తలో ఇంకా అలాంటివి రిపేరుకి వచ్చేవి. "ర్యామ్ పెంచినా స్లో" అని తెచ్చేవాళ్లు. విప్పి చూస్తే ఫైళ్లన్నీ వేల ముక్కలు. మళ్లీ ఫార్మాట్ చేసి 4 కేబీతో వేస్తే అదే పాత డిస్క్ ఊపిరి పీల్చుకున్నట్టు నడిచేది.

ఇంతకీ 4 కేబీయే ఎందుకు? ఇంటెల్ 1985లో తెచ్చిన 386 ప్రాసెసర్ నుంచి మెమరీ పేజీ (ర్యామ్‌ని ప్రాసెసర్ పంచుకునే ముక్క) సైజు 4 కేబీ. ఇప్పటి 64 బిట్ పీసీల్లో కూడా మామూలు పేజీ అంతే. విండోస్ ప్రోగ్రామ్‌ని డిస్క్ నుంచి మెమరీలోకి తెచ్చేది, పేజ్‌ఫైల్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ ఫైల్‌లోకి) పంపేది పేజీల లెక్కనే. డిస్క్ సెక్టర్ 4 కేబీ, మెమరీ పేజీ 4 కేబీ, క్లస్టర్ 4 కేబీ: మూడూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. లైనక్స్‌లో ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ మామూలు బ్లాక్ సైజు కూడా 4 కేబీయే. విండోస్ తయారుచేసేవాళ్లు పరీక్షలన్నీ ఎక్కువగా చేసేది కూడా ఆ సైజు మీదే అని నా నమ్మకం. సి డ్రైవ్ లాంటి చోట నలుగురు నడిచే దారిలో నడవడం మేలు.

పెద్ద క్లస్టర్ పెడితే ఎస్‌ఎస్‌డీ తొందరగా అరిగిపోతుందని కూడా కొందరు భయపెడతారు. 64 కేబీ క్లస్టర్‌లో 4 కేబీ మార్చితే విండోస్ మామూలుగా ఆ 4 కేబీనే రాస్తుంది, క్లస్టర్ మొత్తం తిరగరాయదు. ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. నేను వద్దంటున్నది జాగా పోతుందని, కంప్రెషన్ పోతుందని, బదులుగా ఏమీ రాదని.

ఇక నీ 4 టీబీ డిస్క్. పెళ్లి వీడియోలు అంటే ఒక్కో ఫైల్ కనీసం రెండు మూడు జీబీలు, కొన్ని పాతిక జీబీలు కూడా ఉంటాయి. అలాంటివి వెయ్యి ఉన్నా 64 కేబీ క్లస్టర్‌తో వృథా అయ్యేది 32 ఎంబీ, లెక్కలోకి రాదు. తిరిగే డిస్క్ కాబట్టి ముక్కలు తగ్గడం వల్ల కొంత మేలు ఉంటుంది. వీడియో ఎలాగూ కంప్రెస్ అయ్యే ఉంటుంది, కాబట్టి విండోస్ కంప్రెషన్ పోయినా పర్వాలేదు. కొత్త డిస్క్ అయితే నేను కళ్లు మూసుకుని 64 కేబీ పెడతాను. కానీ నీ డిస్క్ కొత్తది కాదు, డేటా ఉంది. ఈ ఒక్క కారణానికి దాన్ని ఖాళీ చేసి ఫార్మాట్ చేయకు. వచ్చే మేలు చిన్నది, ఆ కాపీ చేసే హడావుడిలో ఒక్క పెళ్లి ఫుటేజ్ పోయినా ఆ కుటుంబానికి నువ్వు ఏం చెప్తావు? ఆ మంగళసూత్రధారణ మళ్లీ తీయలేం కదా. ఇంకో డిస్క్ కొన్నప్పుడు దానికి 64 కేబీ పెట్టుకో. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పుట్టించే ప్రివ్యూ, క్యాష్ ఫైళ్లు మాత్రం ఎస్‌ఎస్‌డీ మీదే ఉంచు. అవి చిన్నవి, ఎక్కువ, మాటిమాటికీ చదివేవి.

కెమెరా ఎస్‌డీ కార్డుల జోలికి ఈ సెట్టింగ్‌తో అసలు వెళ్లకు. వాటిని ఎప్పుడూ కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి, తనకు కావలసిన కొలతలు కెమెరా చూసుకుంటుంది.

విండోస్ వేసేటప్పుడు ఇలా చెయ్యి. ముందు పీసీ ఆపి, కరెంటు తీసి, 4 టీబీ డిస్క్ సాటా కేబుల్ ఊడదీయి. ఇది తప్పనిసరి. రెండు డిస్కులు ఉంటే ఇన్‌స్టాలర్ బూట్ పార్టిషన్‌ని ఒక్కోసారి రెండోదాంట్లో పెట్టేస్తుంది. తెల్లవారుజామున నిద్రమత్తులో తప్పు డిస్క్ డిలీట్ కొట్టినవాళ్లని కూడా చూశాను. కొత్త ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఇన్‌స్టాలర్‌లో 'అన్‌అలొకేటెడ్ స్పేస్' ఎంచుకుని నెక్స్ట్ నొక్కు. ఏ సైజూ అడగదు. ఫ్యాట్32లో చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ (పీసీ బూట్ కావడానికి), 4 కేబీతో సి డ్రైవ్, రికవరీ పార్టిషన్ అన్నీ తనే చేసుకుంటుంది. పార్టిషన్ మొదలయ్యే చోటు కూడా 1 ఎంబీ హద్దుకి సరిగ్గా పెడుతుంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో పార్టిషన్ 63వ సెక్టర్ దగ్గర మొదలయ్యేది. అది 4 కేబీకి భాగింపబడదు కాబట్టి ప్రతి క్లస్టరూ రెండు అసలు సెక్టర్ల మీద అడ్డంగా పడేది. వేగం మీద క్లస్టర్ సైజు కంటే ఆ తప్పు ప్రభావమే ఎక్కువ. పాత డిస్క్‌ని క్లోన్ చేస్తే ఆ జబ్బు కూడా వెంట రావచ్చు. నువ్వు కొత్తగా వేస్తున్నావు కాబట్టి ఆ బాధ లేదు.

అయ్యాక చూసుకోవాలంటే, స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, కాంపోనెంట్స్, స్టోరేజ్, డిస్క్స్ దాకా వెళ్లు. పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్ అని కనిపించే సంఖ్య 4096తో శేషం లేకుండా భాగింపబడాలి. క్లస్టర్ సైజు కోసం అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి fsutil fsinfo ntfsinfo c: అని టైప్ చేస్తే 'బైట్స్ పర్ క్లస్టర్' అన్న లైన్‌లో 4096 అని వస్తుంది. వస్తే ఇక ఆ విషయం మర్చిపో. వేగం గురించి పట్టించుకోవాలంటే సి డ్రైవ్‌లో ఎప్పుడూ ఓ పదిహేను శాతం ఖాళీ ఉంచు, 'ఆప్టిమైజ్ డ్రైవ్స్'లో వారానికోసారి ట్రిమ్ (చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి చెప్పే పని) నడిచేలా ఉన్న షెడ్యూల్‌ని ఆపకు.

కింద ఇంకొకతను "నేను ఆల్రెడీ సి డ్రైవ్ 64 కేబీతో వేసేశాను, మార్చాలా" అని అడిగాడు. జాగా సరిపోతుంటే ఇప్పటికిప్పుడు ఏమీ చేయక్కర్లేదు తమ్ముడూ, సిస్టమ్ నడుస్తుంది. తర్వాత ఎప్పుడైనా విండోస్ మళ్లీ వేసేటప్పుడు సరిచేసుకో. డేటా పోకుండా క్లస్టర్ మార్చిపెడతాం అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి డిస్క్ మొత్తాన్ని ఉన్నచోటే తిరగ సర్దుతాయి, మధ్యలో కరెంటు పోతే ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పేవాళ్లు ఉండరు. యూపీఎస్ ఉన్నా సరే, బ్యాకప్ లేకుండా ఆ పని చేయించకు. ఇమేజ్ బ్యాకప్ (డ్రైవ్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక ఫైల్‌గా తీసేది) తీసి తిరిగి వేస్తే మారుతుందనుకుంటారు కొందరు, ఇమేజ్‌తో పాటు మామూలుగా పాత క్లస్టర్ సైజే తిరిగి వస్తుంది. ఫైళ్లు విడిగా బయటికి కాపీ చేసుకుని, విండోస్ కొత్తగా వేసి, తిరిగి కాపీ చేసుకోవడమే దారి. కాపీ అయ్యాక బయటి డిస్క్ చెరిపేముందు ఓ పది ఫైళ్లు తెరిచి, వీడియోలైతే మధ్యలోకి జరిపి ప్లే చేసి చూసుకో.